పోలీసులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

బడ్జెట్ పెట్టిన ప్రతిసారీ అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. "హోం శాఖకు ఇన్ని వేల కోట్లట, మరి మా స్టేషన్ బండికి డీజిల్ ఎందుకు లేదు?" అనేది అందులో ముందు వరసలో ఉంటుంది. ఆ సందేహాలన్నీ ఒకచోట చేర్చి, డబ్బు నడిచే దారిలోనే విడగొట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. కేంద్రం అంకెలన్నీ 2025-26 బడ్జెట్ అంచనాలు.

## డబ్బు ఎవరిది?

మా ఊరి పోలీసులకు జీతం ఇచ్చేది కేంద్రమా, రాష్ట్రమా?

రాష్ట్రమే. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో మొదటి అంశం శాంతిభద్రతలు, రెండో అంశం పోలీసు. స్టేషన్‌లో కనిపించే ఎస్ఐ, కానిస్టేబుల్, రైటర్ అందరి జీతాలూ రాష్ట్ర ఖజానా నుంచే వస్తాయి. ఐపీఎస్ అధికారులను ఎంపిక చేసేది కేంద్రమైనా, రాష్ట్రంలో పనిచేసినన్నాళ్లూ వాళ్ల జీతభత్యాలు రాష్ట్రానివే. స్టేషన్ భవనం, బండి, డీజిల్, తెల్లకాగితం కూడా ప్రధానంగా రాష్ట్రం బాధ్యతే. కేంద్రం పథకాల పేరుతో కొంత సాయం చేస్తుంది, అంతే.

అయితే కేంద్ర హోం శాఖకు ఇచ్చే రెండు లక్షల కోట్లు ఏమవుతున్నాయి?

2025-26లో కేంద్ర హోం శాఖకు కేటాయించింది సుమారు 2.33 లక్షల కోట్ల రూపాయలు. అందులో పోలీసు పద్దు కింద 1.60 లక్షల కోట్లు. ఈ మొత్తంలో ఎక్కువ భాగం కేంద్ర బలగాలకే పోతుంది. సీఆర్‌పీఎఫ్‌కు 35,147 కోట్లు, సరిహద్దు భద్రతా దళానికి 28,231 కోట్లు, పరిశ్రమలకు, విమానాశ్రయాలకు కాపలా కాసే సీఐఎస్‌ఎఫ్‌కు 16 వేల కోట్లకు పైగా కేటాయించారు. సరిహద్దులు కాసే ఐటీబీపీ, ఎస్‌ఎస్‌బీ పది వేల కోట్ల చొప్పున, అస్సాం రైఫిల్స్ ఎనిమిది వేల కోట్ల పైచిలుకు తీసుకుంటాయి. ఇంటెలిజెన్స్ బ్యూరో కూడా ఈ పద్దులోనే ఉంది. పోలీసు ఆధునికీకరణ అనే పద్దుకు మిగిలేది 4,069 కోట్లు. దేశంలోని రాష్ట్రాలన్నీ పంచుకోవలసింది ఇందులోంచే. టీవీలో లక్షల కోట్ల అంకె చూసి మన స్టేషన్‌ను ఊహించుకుంటే నిరాశ తప్పదు.

ఢిల్లీ పోలీసులకు మాత్రం కేంద్రమే ఎందుకు ఇస్తుంది?

ఢిల్లీలో పోలీసు, శాంతిభద్రతలు, భూమి కేంద్రం చేతిలో ఉంటాయి. ముఖ్యమంత్రి ఉన్నా పోలీసు ఆ పదవి కిందికి రాదు. అందుకే ఢిల్లీ పోలీసుకు కేంద్ర బడ్జెట్‌లోనే సుమారు 11,932 కోట్లు చూపించారు. ఒక్క నగరం పోలీసుకు ఇచ్చేది రాష్ట్రాలన్నిటికీ కలిపి ఉన్న ఆధునికీకరణ పద్దు కంటే ఎక్కువ కాబట్టి వాదనలు లేస్తుంటాయి. కానీ ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టడం సరికాదు. మొదటిది పూర్తి జీతభత్యాలతో కలిపిన ఖర్చు, రెండోది అదనపు సాయం.

సీబీఐ, ఈడీ, ఎన్‌ఐఏ అన్నీ హోం శాఖ డబ్బుతోనే నడుస్తాయా?

లేదు. ఎన్‌ఐఏ ఒక్కటే హోం శాఖ కిందిది. సీబీఐ సిబ్బంది వ్యవహారాల శాఖ కిందకు వస్తుంది, దాని కేటాయింపు సుమారు 1,071 కోట్లు. ఈడీ ఆర్థిక శాఖలోని రెవెన్యూ విభాగానిది. వార్తల్లో మూడూ ఒకే వాక్యంలో వినిపించినా, బడ్జెట్ పుస్తకంలో మూడు చోట్ల వెతకాలి.

రైల్వే స్టేషన్లో ఉండే పోలీసులు ఎవరి ఖర్చు?

అక్కడ రెండు రకాల యూనిఫాంలు కనిపిస్తాయి. ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) పూర్తిగా రైల్వేది. కేసులు కట్టే జీఆర్‌పీ (ప్రభుత్వ రైల్వే పోలీసు) రాష్ట్ర పోలీసులో భాగం. దాని ఖర్చును రైల్వే, రాష్ట్రం చెరిసగం భరిస్తాయి.

విమానాశ్రయాల్లో సీఐఎస్‌ఎఫ్ జవాన్ల ఖర్చు ప్రభుత్వానిదేనా?

చాలావరకు ప్రయాణికుడిదే. టికెట్ వివరాల్లో విమానయాన భద్రతా రుసుము అని ఒక వరస ఉంటుంది చూడండి. 2021 ఏప్రిల్‌లో దాన్ని దేశీయ ప్రయాణికుడికి 200 రూపాయలు చేశారు. భద్రత ఖర్చు ఆ రుసుము నుంచే తీరుస్తారు. ఉక్కు కర్మాగారాలు, రేవులు వంటి ప్రభుత్వ రంగ సంస్థల్లో అయితే కాపలా ఖర్చు ఆ సంస్థే సీఐఎస్‌ఎఫ్‌కు కడుతుంది.

## బడ్జెట్‌లో పద్దు

రాష్ట్ర బడ్జెట్ పుస్తకంలో పోలీసు లెక్క ఎక్కడ చూడాలి?

మూడు నంబర్లు గుర్తుంటే చాలు. 2055 అంటే పోలీసు రోజువారీ ఖర్చు, అంటే జీతాలు, భత్యాలు, డీజిల్, కరెంటు బిల్లు. 4055 అంటే కట్టడాల వంటి పెట్టుబడి ఖర్చు. 0055 అంటే పోలీసు శాఖ ద్వారా ప్రభుత్వానికి వచ్చే ఆదాయం. ఈ నంబర్లు దేశమంతా ఒకటే కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు లెక్కలు పోల్చి చూసుకోవచ్చు.

చాలామంది పొరబడేది హోం శాఖ మొత్తం కేటాయింపును పోలీసు కేటాయింపు అనుకోవడం దగ్గర. జైళ్లకు 2056 అని వేరే పద్దు ఉంది. అగ్నిమాపక శాఖ, హోంగార్డులు 2070 కింద కనిపిస్తారు. "హోం శాఖకు ఇంత పెంచారు" అనే శీర్షిక చూసినప్పుడు పెరిగింది 2055లోనా, 4055లోనా అని చూడండి. మొదటిది పెరిగితే సాధారణంగా కరువు భత్యమో, వేతన సవరణో కారణం అయి ఉంటుంది. రెండోది పెరిగితే ఎక్కడో కొత్త గోడ లేస్తోందన్నమాట.

రాష్ట్రాలు తమ ఖర్చులో ఎంత భాగం పోలీసుకు పెడుతున్నాయి?

సగటున సుమారు 4 శాతం. తిరుగుబాట్లతో సతమతమైన ఈశాన్య రాష్ట్రాల్లో ఇది బాగా ఎక్కువ, కొన్ని పెద్ద రాష్ట్రాల్లో తక్కువ.

ఇంత డబ్బు ఇచ్చినా స్టేషన్లు మారకపోవడానికి కారణం ఏమిటి?

జీతాలు, భత్యాలు, పింఛన్లు పోగా మిగిలేది కొంచెమే. పోలీసు శాఖ పూర్తిగా మనుషుల మీద నడిచేది కాబట్టి అది తప్పు కాదు. బీట్ తిరగడానికి, బందోబస్తుకు, రాత్రి గస్తీకి మనిషి కావలసిందే. ఆ పైన దేశంలో మంజూరైన పోస్టుల్లో ఐదింట ఒకటి అటూ ఇటూగా ఖాళీగానే ఉంటూ వస్తోంది. ఖాళీ పోస్టుకు బడ్జెట్‌లో పెట్టిన జీతం ఏడాది చివర మిగులుగా తేలుతుంది. ఆ మిగులు స్టేషన్‌కు కంప్యూటర్ కొనడానికి రాదు, వెనక్కి పోతుంది.

నన్ను అడిగితే అసలు చూడవలసింది శిక్షణ పద్దు. దేశం మొత్తం మీద పోలీసు బడ్జెట్‌లో శిక్షణకు దక్కేది ఒక శాతం పైచిలుకు. సైబర్ నేరాల కేసు చేతికిచ్చి, దాన్ని ఛేదించడం నేర్పడానికి మాత్రం పైసా తీయకపోతే ఆ ఎస్ఐని తిట్టి లాభం లేదు.

మా స్టేషన్‌కు ఏం కావాలో ఎవరు అడుగుతారు?

స్టేషన్ నుంచి అవసరాల జాబితా ఎస్పీ లేదా కమిషనర్ కార్యాలయానికి వెళ్తుంది. అక్కడ జిల్లా మొత్తానికి కలిపి డీజీపీ కార్యాలయానికి పంపుతారు. అక్కడి నుంచి సచివాలయంలో హోం శాఖకు, చివరగా ఆర్థిక శాఖకు. ప్రతి మెట్టు దగ్గరా కోత పడుతుంది. శాసనసభ ముందుకు వచ్చేసరికి అది హోం శాఖ గ్రాంటులో ఒక అంకె. ఫలానా మండలం స్టేషన్ పైకప్పు కారుతోందన్న సంగతి ఆ అంకెలో ఎక్కడా కనిపించదు.

పోలీసు సంస్కరణలు ఆగింది డబ్బు లేకనేనా?

చాలావరకు కాదు. మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో 2006 సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. డీజీపీకి కనీసం రెండేళ్ల పదవీకాలం, రాష్ట్ర భద్రతా కమిషన్, బదిలీలకు బోర్డు, పోలీసులపై ఫిర్యాదుల సంస్థ... వీటిలో ఖజానాను కుదిపేది ఒక్కటీ లేదు. దర్యాప్తును శాంతిభద్రతల విధుల నుంచి వేరు చేయాలన్న ఆదేశానికి మాత్రం కొత్త పోస్టులు, అంటే నిజమైన డబ్బు కావాలి. మిగతావాటికి నిధుల కొరత అనేది సాకు.

## కేంద్రం ఇచ్చే సాయం

పోలీసు ఆధునికీకరణ పథకం కింద ఏమిస్తారు?

ఈ పథకం 1969-70 నుంచి ఏదో ఒక రూపంలో నడుస్తోంది. ఆయుధాలు, వైర్‌లెస్ సెట్లు, శిక్షణ సామగ్రి, ఫోరెన్సిక్ పరికరాలు వంటివాటికి సాయం. 2022 ఫిబ్రవరిలో కేంద్రం 2021-22 నుంచి 2025-26 వరకు ఐదేళ్లకు 26,275 కోట్లతో దీన్ని కొనసాగించింది. అయితే అందులో పెద్ద వాటా జమ్మూ కశ్మీర్, ఈశాన్యం, మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలదే. రాష్ట్ర పోలీసుల ఆధునికీకరణకు నేరుగా పెట్టింది 4,846 కోట్లు, ఫోరెన్సిక్‌కు 2,080 కోట్లు. ఐదేళ్లకు, రాష్ట్రాలన్నిటికీ కలిపి.

రాష్ట్రం కూడా వాటా పెట్టాలా?

పెట్టాలి. సాధారణ రాష్ట్రాలకు కేంద్రం 60, రాష్ట్రం 40. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90, 10.

కేంద్రం ఇచ్చిన డబ్బు ఖర్చు కాలేదని వార్తలొస్తాయి. చేతిలో డబ్బుంటే ఎందుకు ఖర్చు పెట్టరు?

చేతిలో ఉండదు కాబట్టి. కేంద్రం వాటా రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. రాష్ట్రం తన వాటా కలపాలి. ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న ప్రభుత్వం ఆ వాటాను వాయిదా వేస్తుంది. ఈలోగా కేంద్రం ఏడాది ప్రణాళికను ఆలస్యంగా ఆమోదిస్తుంది. టెండర్ పిలిచేసరికి జనవరి వచ్చేస్తుంది. పరికరానికి నిర్దేశాలు రాయడం తెలిసినవాడు లేక ఒకసారి టెండర్ రద్దవుతుంది. మార్చి 31 దాటితే కథ మళ్లీ మొదటికొస్తుంది. పైగా ముందిచ్చిన డబ్బు వినియోగ ధ్రువపత్రం, అందరూ యూసీ అనేది, పంపకపోతే తర్వాతి విడత రాదు. యూసీ రాసే గుమాస్తా సెలవు పెడితే కొత్త వైర్‌లెస్ సెట్లు ఆగిన సందర్భాలుంటాయంటే నమ్మడం కష్టమే కానీ, ఆ బల్ల దగ్గర పనిచేసినవాళ్లెవరూ కాదనరు.

2021 జూలై నుంచి ఒక్కో కేంద్ర పథకం డబ్బుకు ప్రతి రాష్ట్రం ఒకే నోడల్ బ్యాంకు ఖాతా పెట్టాలన్న నియమం వచ్చింది. దాంతో డబ్బు ఎక్కడ ఆగిందో ఢిల్లీ నుంచే కనిపిస్తుంది.

మావోయిస్టు ప్రాంతాల్లో ఖర్చంతా కేంద్రమే పెడుతుందా?

భద్రతా సంబంధిత ఖర్చుల పథకం ఒకటుంది. అందరూ ఎస్‌ఆర్‌ఈ అంటారు. అందులో రాష్ట్రం ముందు ఖర్చు పెట్టుకోవాలి, తర్వాత కేంద్రం తిరిగి ఇస్తుంది. చనిపోయిన పౌరులు, జవాన్ల కుటుంబాలకు పరిహారం, లొంగిపోయినవారి పునరావాసం, పోలీసు బలగాల బీమా వంటివి ఇందులోకి వస్తాయి.

ప్రభావిత జిల్లాల సంఖ్య 2018లో 90, 2021లో 70, 2024 ఏప్రిల్‌లో 38. జాబితా కుంచించుకుపోవడం మంచి కబురే, కానీ జాబితాలోంచి బయటపడిన జిల్లాకు డబ్బు తగ్గుతుంది. పరిస్థితి మెరుగుపడిందని ఒప్పుకుంటే నిధి పోతుందన్న భయం పాలనలో ఒక చిత్రమైన మెలిక. ఇక మావోయిస్టులపై పోరుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రేహౌండ్స్ దళం పుట్టింది 1989లో. మొదలుపెట్టింది రాష్ట్రమే.

నిర్భయ నిధి పోలీసులకు కూడా వస్తుందా?

వస్తుంది. మహిళల భద్రత కోసం 2013లో వెయ్యి కోట్ల మూలనిధితో దీన్ని మొదలుపెట్టారు. అత్యవసర సహాయ నంబర్ 112, స్టేషన్లలో మహిళా సహాయ కేంద్రాలు, ఎనిమిది నగరాల్లో సేఫ్ సిటీ పథకాలు దీనిలోంచే. ఆ ఎనిమిదింట్లో హైదరాబాద్ ఉంది. పరికరాలు కొనడానికి ఇది బాగా పనికొస్తుంది. ఫోన్ ఎత్తి మాట్లాడే మనిషి జీతం మళ్లీ రాష్ట్రం చూసుకోవలసిందే.

## విడుదల, ఖర్చు

బడ్జెట్‌లో పెట్టారు కదా, డబ్బు ఎందుకు చేతికి రాదు?

కేటాయింపు వేరు, విడుదల వేరు. శాసనసభ ఆమోదించాక ఆర్థిక శాఖ విడతలవారీగా విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. తర్వాత డబ్బు డ్రా చేసే అధికారి బిల్లు పెట్టాలి, ట్రెజరీ దాన్ని పాస్ చేయాలి. ఖజానాలో డబ్బు బిగుసుకుంటే బిల్లు టోకెన్ నంబర్‌తో ఆన్‌లైన్‌లో పెండింగ్ అని కనిపిస్తూ ఉంటుంది. జీతాలు ముందు, డీజిల్ తర్వాత, మరమ్మతులు చివర. అందుకే పెట్రోలు బంకు యజమాని దగ్గర పోలీసు శాఖ ఖాతా పెరుగుతూ పోతుంది. ఒక దశలో ఆయన బండికి నూనె కొట్టనంటాడు. ఆ రోజు గస్తీ ఎవరి జేబు డబ్బుతో తిరుగుతుందో, ఆ జేబు తర్వాత ఎలా నిండుతుందో ఊహించుకోవచ్చు. స్టేషన్ స్థాయి అవినీతిలో ఒక పాయ ఇక్కడే పుడుతుందని నా అభిప్రాయం.

స్టేషన్‌కు నెలనెలా ఖర్చులకు డబ్బు ఇస్తారా?

తెలంగాణ ఏర్పడ్డాక 2014లో ప్రభుత్వం నగర స్టేషన్లకు నెలకు 75,000, పట్టణాలవాటికి 50,000, గ్రామీణ స్టేషన్లకు 25,000 రూపాయలు ఇస్తామని ప్రకటించింది. కాగితాలకు, టీ నీళ్లకు ఫిర్యాదుదారుల మీద పడకూడదన్నది ఉద్దేశం. ఆలోచన చాలా సరైనది. అది ప్రతి నెలా సమయానికి చేరితేనే ప్రయోజనం. ఇంకొకటి గుర్తుంచుకోండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. జిరాక్స్ డబ్బులు అడిగినా ఇవ్వనక్కర్లేదు.

సరెండర్ లీవు, టీఏ బకాయిలు ఏళ్ల తరబడి ఎందుకు ఉంటాయి?

సరెండర్ లీవు అంటే వాడుకోని సెలవుకు బదులు వచ్చే డబ్బు, టీఏ అంటే ప్రయాణ భత్యం. జీతం ఆపితే గొడవవుతుంది, ఇవి ఆపితే గొణుగుడు మాత్రమే. డబ్బు చాలనప్పుడు ఆర్థిక శాఖ వాయిదా వేసేది ఇలాంటివే. పోలీసులకు సమ్మె హక్కు లేదు, సంఘం పెట్టుకోవడం మీద కూడా 1966 చట్టం ఆంక్షలు పెట్టింది. అందుకే ఈ బకాయిలు ఎన్నికల ముందు మాత్రమే వార్తల్లోకి వస్తాయి.

హోంగార్డుకు కానిస్టేబుల్ జీతం వస్తుందా?

జీతం కాదు, రోజుకింత అని విధి భత్యం. నెల మొత్తం పనిచేస్తే అది కానిస్టేబుల్ కనీస వేతనానికి తగ్గకూడదని 2015లో హిమాచల్ ప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణ 2025 జనవరి నుంచి దీన్ని 921 నుంచి 1,000 రూపాయలు చేసింది.

చలానా డబ్బులు ట్రాఫిక్ పోలీసులకే పోతాయా?

కట్టిన సొమ్ము ప్రభుత్వ ఖజానాకు జమవుతుంది. కెమెరా పట్టుకున్న కానిస్టేబుల్‌కు చేరదు. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో ద్విచక్ర వాహనాల పాత చలానాల మీద 80 శాతం రాయితీ ఇవ్వడానికి ప్రభుత్వ ఉత్తర్వు కావలసి వచ్చింది కూడా అది ప్రభుత్వ రాబడి కాబట్టే.

క్రికెట్ మ్యాచ్‌కు, ప్రముఖులకు పెట్టే భద్రతకు మన పన్నులే ఖర్చవుతాయా?

వాణిజ్య కార్యక్రమాలకు బందోబస్తు పెడితే నిర్వాహకుల నుంచి రుసుము వసూలు చేయవచ్చు. 1861 నాటి పోలీసు చట్టం 13వ సెక్షన్‌లోనే, కోరినవారి ఖర్చుతో అదనపు పోలీసులను పెట్టే వీలుంది. బిల్లు వేయడం వేరు, వసూలు కావడం వేరు. వ్యక్తుల విషయంలో ముప్పు ఉందని ప్రభుత్వం నిర్ధారిస్తే సాధారణంగా ప్రభుత్వమే భరిస్తుంది. స్తోమత ఉన్నవారి చేత కట్టించడం కూడా ఉంది. ముకేశ్ అంబానీ కుటుంబానికి దేశంలోనూ విదేశాల్లోనూ ఇచ్చే భద్రత ఖర్చు ఆ కుటుంబమే భరించాలని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది.

కేంద్ర బలగాలు వస్తే రాష్ట్రం డబ్బు కట్టాలా?

సాధారణంగా కట్టాలి. రాష్ట్రం అడిగి తెచ్చుకుంటే కేంద్రం బిల్లు వేస్తుంది. బకాయిలపై ఉత్తరాలు నడుస్తూనే ఉంటాయి. లోక్‌సభ ఎన్నికల నిర్వహణ ఖర్చు కేంద్రానిదే అయినా, ఆ సమయంలో శాంతిభద్రతల ఖర్చు రాష్ట్రానిది.

వ్యాపారులు, కాలనీలవాళ్లు సీసీ కెమెరాలకు చందాలివ్వడం సరైనదేనా?

చట్టవిరుద్ధం కాదు. దుకాణాలు, జనం గుమిగూడే సంస్థలు సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టాలని 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టమే చేసింది. హైదరాబాద్‌లో 'నేను సైతం' పేరుతో కాలనీలు చందాలేసుకుని వేల కెమెరాలు పెట్టాయి. నాకు రెండు అభ్యంతరాలున్నాయి. చందా వేసుకోగల కాలనీకి నిఘా ఎక్కువ, వేసుకోలేని బస్తీకి తక్కువ. రెండోది, కెమెరా కొనడానికి దాత దొరుకుతాడు, మూడేళ్ల తర్వాత పాడైనదాన్ని బాగుచేయడానికి దొరకడు. చందా ఇచ్చేవాళ్లు రసీదు, నిర్వహణ ఎవరిదన్న రాత తీసుకోండి.

## లెక్క, తనిఖీ

ఖర్చుల మీద ఎవరు కన్నేసి ఉంచుతారు?

ప్రభుత్వ లెక్కలు చూసే కాగ్ తనిఖీ చేసి నివేదికను గవర్నర్‌కు ఇస్తుంది, అది శాసనసభ ముందుకు వస్తుంది, సభకు చెందిన ప్రజా పద్దుల సంఘం దాన్ని పరిశీలిస్తుంది. నివేదిక సభలో పెట్టేసరికి ఏళ్లు గడవడం మామూలే. అయినా కొని వాడకుండా పడి ఉన్న పరికరాలు, ఉండవలసినవాటి కంటే తక్కువ బండ్లు, ఖర్చు కాని నిధులు బయటపడేది అందులోనే. గుమాస్తా భాషలో రాసి ఉంటుంది కానీ, ఓపిగ్గా చదివితే మంచి డిటెక్టివ్ కథ.

రహస్య నిధులకు లెక్క ఉండదా?

ఉంటుంది, పరిమితంగా. ఇన్ఫార్మర్లకు ఇచ్చే సొమ్ము వంటిదానికి రసీదులు చూపడం కుదరదు. అధీకృత అధికారి ధ్రువీకరణనే ఆడిటర్ తీసుకుంటాడు.

మా స్టేషన్ ఖర్చు తెలుసుకోవడానికి సమాచార హక్కు కింద అడగొచ్చా?

అడగొచ్చు. ఎస్పీ లేదా కమిషనర్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారి పేర దరఖాస్తు పెట్టండి. తెలుగు రాష్ట్రాల్లో రుసుము మండల స్థాయి కార్యాలయంలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. "పోలీసు శాఖ ఖర్చు వివరాలు ఇవ్వండి" అని అడిగితే పనికొచ్చేది ఏదీ రాదు. "ఫలానా స్టేషన్‌కు ఫలానా ఆర్థిక సంవత్సరంలో ఇంధనానికి, నిర్వహణకు నెలవారీగా విడుదలైన మొత్తం, ఖర్చు, పెండింగ్ బిల్లులు" అని అడగండి. నిఘా విభాగాల వంటివాటిని రాష్ట్రం చట్టం పరిధి నుంచి తప్పించి ఉండవచ్చు. అక్కడ కూడా అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారానికి మినహాయింపు వర్తించదు. గడువులో జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు 30 రోజులే టైము, కాబట్టి దరఖాస్తు పంపిన రసీదు దాచుకోండి.